పొగబండి: పూజయా, పరీక్షయా?

పాత వస్తువును కాపాడుట యొక పని. ఆ వస్తువును పుట్టించిన బుద్ధిని కాపాడుట మఱియొక పని. మొదటిదానికి రంగు, తాళము, కావలివాడు ఉన్న చాలును. రెండవదానికి గురువు కావలెను. మన దేశమున ప్రదర్శనశాలలు కట్టువారు చాలవఱకు మొదటి పని ముగించి, రెండవది దానంతట అదియే జరిగిపోవునని నమ్ముచున్నారు. ఈ నమ్మకము సరియైనదా యని విచారించుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ఈ ప్రశ్న ఇప్పుడు మా ప్రాంతమునకు దగ్గఱగా వచ్చినది. విశాఖపట్టణము కేంద్రముగా దక్షిణ తీర రైల్వే జోను ఏర్పడునని 2019 ఫిబ్రవరిలో ప్రకటింపబడినది. 2025 జనవరిలో దాని ప్రధాన కార్యాలయమునకు శంకుస్థాపన జరిగినది. క్రొత్త కార్యాలయము లేచినప్పుడు దాని ముంగిట ఒక పాత ఇంజనును నిలువబెట్టుట రైల్వేవారి ఆచారము. అటు రాజమహేంద్రవరమున, 1900లో తెఱవబడి 1997లో విశ్రాంతి పొందిన హేవలాక్ వంతెనను దర్శనీయస్థలముగా తీర్చవలెనను ఆలోచన ఎన్నో యేండ్లుగా మాటలలోను కాగితములలోను నలుగుచున్నది. ఈ రెండింటి నడుమ ఉన్నది మా అనకాపల్లి. రేపు ఎచ్చట ఏ శాల వెలసినను, ఉన్న శాల ఏది క్రొత్తరూపు దాల్చినను, ‘భావి ఇంజనీర్లకు ప్రేరణ’ అను ప్రయోజనమును ముందుగనే శిలాఫలకముపై చెక్కించుదురు. ప్రేరణ యనగా నేమో విచారింపకయే చెక్కించుదురేమో యని నా భయము.

ఒక మాట ముందుగా చెప్పవలెను. మన రాష్ట్రములలో ఇంజనీరింగు చదువునకు పిల్లలను ప్రేరేపింపవలసిన యవసరము ఎంతమాత్రమును లేదు. బిడ్డ పదవ తరగతి దాటక మునుపే తల్లిదండ్రులు ఆ పని పూర్తి చేయుచున్నారు. తెల్లవారుజామున లేచి, సూత్రములు వల్లించి, పరీక్షలు వ్రాసి, ఇంజనీరింగు కళాశాలలో చేరినవారు లేని వీధి మా పట్టణమున లేదు. కొఱత సంఖ్యలో లేదు. అనకాపల్లిలో పుట్టిన ప్రతి బిడ్డయు రాత్రి పడుకొని రైలు చప్పుడు వినుచునే పెరుగును. ఐనను వంకర దారిలో ఆ బండి చక్రము పట్టా విడిచి ఏల పోదో చెప్పుమనిన, ఇంజనీరింగు నాలుగవ సంవత్సరము చదువుచున్నవాడు కూడ తడబడుచున్నాడు. కావున ప్రదర్శనశాల తీర్పవలసిన దాహము వేఱు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా బడి పిల్లలను వినోదయాత్రకు తీసికొనిపోయినప్పుడు ఒకచోట అరుగుపై నిలిపిన ఆవిరి ఇంజనును చూచితిమి. ఏ ఊరో చెప్పుట అనవసరము, అట్టివి అనేకము. నల్లరంగు, ఎఱ్ఱరంగు నిగనిగలాడుచున్నవి. చుట్టును గొలుసు. ముట్టరాదని ఒక బల్ల. ఇంజను ఏ సంవత్సరమున పుట్టినదో, బరువెంతో, ఎన్ని మైళ్లు తిరిగినదో ఇంకొక బల్లపై వ్రాసియున్నది. పిల్లలు దాని ముందు నిలిచి ఛాయాచిత్రములు తీసికొనిరి. ఐదు నిమిషములలో చూడవలసినది ముగిసినది. అప్పుడొక బాలిక, “మాస్టారండీ, దీని పొట్టలో ఏముంటాదండీ?” అని నన్నడిగినది. నేను నేలమీద పుల్లతో గీసి, నిప్పు ఇచ్చట, నీరు ఇచ్చట, ఆవిరి ఇటు పోవునని చెప్పుచుండగా కావలివాడు వచ్చి, అచ్చట గుమిగూడరాదని మమ్ము పంపివేసినాడు. అతని తప్పేమియు లేదు. విగ్రహమునకు కావలి కాయుమని అతనికి చెప్పినారు, అతడు కాచినాడు.

విగ్రహమను మాట నేను తేలికగా వాడుటలేదు. గర్భగుడిలోని మూర్తికిని ఈ యింజనునకును మనము చేయు మర్యాద ఒకటియే: దూరమున నిలుచుట, కన్నులార చూచుట, ప్రశ్నింపక వెడలిపోవుట. విజయదశమినాడు కర్మాగారములలో జరుగు ఆయుధపూజను నేను ఆక్షేపింపను. ఆనాడు సుత్తికి బొట్టు పెట్టువాడు మఱునాడు ఆ సుత్తినే చేతబట్టును. లేతు యంత్రమునకు దండవేసినవాడు తక్కిన దినములన్నియు దాని చీలలు విప్పి, చమురు పోసి, అరిగిన పళ్లు మార్చుచునే యుండును. వాని పూజ ఎఱిగినవాని పూజ. ప్రదర్శనశాలలో పూజ మాత్రమే మిగిలి, విప్పి చూచుట నిషేధింపబడినది.

మన సంస్కృతమున యంత్రశబ్దమునకు నియమించుట, అదుపులో నుంచుట అను అర్థముగల ధాతువు మూలము. దేనిచేత శక్తి అదుపులో నుండునో అది యంత్రము. ఆంగ్లేయుల ‘ఇంజను’ అను మాట లాటిను భాషలో పుట్టుబుద్ధి యను అర్థముగల శబ్దమునుండి వచ్చినది. ఒక భాష ఆ వస్తువులో అదుపును చూచినది, ఇంకొకటి బుద్ధిని చూచినది. ఇనుమును ఏ భాషయు చూడలేదు. మన శాలలలో బల్లలపై వ్రాయునది మాత్రము ఇనుము బరువే.

పిల్లలకు చూపవలసినదేమో ఒక చిన్న ఉదాహరణముతో చెప్పెదను. రైలుచక్రమునకు లోపలివైపున అంచు ఉన్నదని అందఱికిని తెలియును. ఆ అంచే బండిని పట్టాలపై నిలుపుచున్నదని అందఱును అనుకొందురు. నిజమునకు అంచు ఆపత్కాలపు కాపలాదారు మాత్రమే. చక్రపు పరిధి గాజువలె సమముగా నుండక, లోపలినుండి వెలుపలికి సన్నగా వాలియుండును. ఇరువది పాళ్లకు ఒక పాలు వాలు అను లెక్క చిరకాలముగా వాడుకలో నున్నది. రెండు కాగితపు గ్లాసులను మూతికి మూతి చేర్చి అంటించి, ఏటవాలుగా పెట్టిన రెండు కఱ్ఱలపై విడిచిన, అది ఎడమకు జరిగినను కుడికి జరిగినను తనంతట తానే నడుమకు వచ్చి తిన్నగా దొర్లిపోవును. అడుగునకు అడుగు చేర్చి అంటించి విడిచిన, రెండు జానలు పోకమునుపే క్రింద పడును. ఏలయన మొదటిదానిలో బండి ఏ ప్రక్కకు జరిగిన ఆ ప్రక్క చక్రము పెద్ద చుట్టుకొలతపై నడచి, ఎక్కువ దూరము పోయి, ఇరుసును మరల నడుమకు త్రిప్పును. వంకరలో వెలుపలి పట్టా పొడవు ఎక్కువ గనుక వెలుపలి చక్రము ఎక్కువ దూరము పోవలసియుండగా, ఆ వాలే ఆ లెక్కను కూడ సరిచేయును. ఖర్చు నాలుగు రూపాయలు. తరగతి గదిలో దీనిని చూపినప్పుడు పిల్లల ముఖములలో కనబడిన వెలుగు, ఆనాడు అరుగుమీది ఇంజను ముందు నాకు కనబడలేదు.

ఇట్లు చూపు శాలలు లోకమున లేకపోలేదు. ఇంగ్లండులో యార్కు నగరమున 1975లో తెఱవబడిన జాతీయ రైల్వే ప్రదర్శనశాలలో ‘ఎల్లెర్మన్ లైన్స్’ అను పెద్ద ఆవిరి ఇంజను ఒకటి కలదు. దానిని నిలువున కోసి పెట్టినారు. నిప్పుగూడు, అందుండి బాయిలరులోనికి వేణువులవలె సాగిన గొట్టములు, ఆవిరిగది, పిష్టను అన్నియు కోతలో కనబడును. చూచువాడు ఒక్క మాటయు చదువనక్కఱలేదు. అదే శాలలో 2023లో పిల్లలు చేతితో త్రిప్పి, త్రోసి, కట్టి, కూలద్రోసి నేర్చుకొనుటకై ప్రత్యేకముగా ఒక విభాగమును తెఱచినారు. మన ఢిల్లీలో 1977లోను, మైసూరులో 1979లోను, చెన్నైలో 2002లోను వెలసిన రైలు ప్రదర్శనశాలలు సేకరణలో తక్కువవి కావు. ఢిల్లీలో ఇంజను నడుపుచున్నట్లు భ్రమ కల్పించు యంత్రములు కూడ ఉన్నవి. కాని భ్రమలో కూర్చుండి మీట లాగుట వేఱు, ఆ మీట వెనుకనున్న గొలుసుకట్టును చూచుట వేఱు.

పూర్వపు వస్తువును కోయుట పాపము కాదా యని కొందఱడుగుదురు. ఒకటే మిగిలినదానిని కోయుమని ఎవరును చెప్పరు. డబ్ల్యు.జి. తరగతి ఆవిరి ఇంజన్లు 1950 మొదలు 1970 వఱకు 2,450 తయారైనవి. చిత్తరంజన్ కర్మాగారములో పుట్టిన మొదటి ఇంజనునకు ‘దేశబంధు’ అని పేరు, చివరిదానికి ‘అంతిమ సితార’ అని పేరు. ఆ రెండింటిని పదిలముగా దాచుకొందము. తక్కినవానిలో మిగిలిన దేనినైన ఒకదానిని కోసిన, ఆ జాతికి అవమానము లేదు. వైద్యకళాశాలలో దేహమును కోయుట మృతునియెడ అగౌరవమని ఒకప్పుడు మనవారును అనుకొన్నారు.

ఇక గోదావరి వంతెన సంగతి. దీనికి హేవలాక్ అను పేరు ఆనాటి మద్రాసు గవర్నరుది. 1897లో పని మొదలిడి, 1900లో రైలు నడపినారు. ఒక్కొక్కటి నూటయేబది అడుగుల చొప్పున ఏబదియాఱు ఖానాలు. ఇనుప దూలములు పైకి కనబడును, రాతి స్తంభములు కనబడును. కనబడనిది ఇసుకలోనున్న పునాది. గోదావరిలో గట్టినేల తగులవలెనన్న ఎంతో లోతునకు పోవలెను. అందుకై బావులను దింపినారు. ఇనుప వలయముమీద గోడకట్టి, లోపలి ఇసుకను తోడుచుండగా, ఆ గోడ తన బరువుచేత తాను క్రిందికి దిగును. దిగినకొలది మీద మరల గోడ కట్టుదురు. గట్టినేల తగిలిన తరువాత లోపలిని పూడ్చివేయుదురు. మన పల్లెలలో ఇసుకనేలలయందు మంచినీళ్ల బావికి ఒరలు దింపువారు తాతముత్తాతలనాటినుండి చేయుచున్నది ఈ పనియే. ఆంగ్లేయ ఇంజనీర్లు మన నదులపై వంతెనలు కట్టవచ్చినప్పుడు ఈ దేశపు బావుల పనిని చూచి, నేర్చి, పెంచి, ఆవిరియంత్రములు జోడించినారు.

ఇది చెప్పుటలో నాకు స్వదేశాభిమానపు డంబము లేదు. పెద్ద వంతెనను లెక్కగట్టి నిలిపిన విద్య వారిదే; వాల్టన్ అను ఇంజనీరు పేరు ఆ పనికి చెల్లవలసినదే. నేనడుగుచున్నది వేఱు. ఒరలు దింపు కుటుంబములో పుట్టిన బాలుడు ఆ వంతెన క్రింద నిలిచినప్పుడు, దాని అడుగుననున్న విద్యలో సగము మా యింటిదే యని తెలిసికొనునట్లు ఎవరైన చేసినారా? గవర్నరు పేరు వినిన బాలునికి కలుగునది భయభక్తి. ఒర పేరు వినినవానికి కలుగునది ‘నేనును చేయగలను’ అను ధైర్యము. ప్రేరణ యను మాటకు నాకు తెలిసిన అర్థము ఈ ధైర్యమే.

వంతెనను దర్శనీయస్థలము చేయదలచువారు దీపములు, పూలకుండీలు, తినుబండారముల దుకాణములు మొదట తలచుచున్నారు. నాకు వానిపై ద్వేషము లేదు. సాయంకాలము గోదావరి గాలి పీల్చుచు మిరపకాయబజ్జీ తినుట ఏ ధర్మశాస్త్రమును నిషేధింపలేదు. కాని ఏబదియాఱు ఖానాలలో ఒక్క ఖానానైన చదువునకు విడువుడు. ఒక స్తంభమునకు నమూనా కట్టి, ఇసుకక్రింది బావిని కోసి చూపుడు. ప్రక్కనే 1974లో కట్టిన రోడ్డు-రైలు వంతెనయు, దాని తరువాత హేవలాక్ వంతెనకు మాఱుగా కట్టిన కాంక్రీటు విల్లుల వంతెనయు నిలిచియున్నవి. పాతదానికి ఖానా నూటయేబది అడుగులు; క్రొత్తదానికి మూడువందల అడుగులు దాటినది. ఏల దాటగలిగినది? ఇనుప దూలము చోట కాంక్రీటు విల్లు ఏల వచ్చినది? మూడు తరముల బుద్ధి ఒక్క చూపులో కనబడు స్థలములు లోకమున ఎన్నో లేవు. అచ్చట ప్రశ్నాపత్రము ప్రకృతియే వ్రాసిపెట్టినది.

అచ్చటికి దగ్గఱనే ధవళేశ్వరము. ఆనకట్ట కట్టునప్పుడు కొండరాళ్లను మోయుటకు కాటను దొరగారు అచ్చట పట్టాలు వేయించినారు. మన ప్రాంతమున ఇనుపదారికి అది అంకురము. ఆ కాటనుగారే తరువాత, హిందూదేశమునకు రైళ్లకంటె నీటికాలువలు మేలని, తక్కువ వ్యయముతో సరకును మోయుటయే కాక పంటకు నీరు కూడ ఇచ్చునని, ఇంగ్లండులో పాలకులతో జీవితాంతము వాదించినారు. ఆయన వాదము నెగ్గలేదు. ఆయన పూర్తిగ ఒప్పా, తప్పా యనునది ఇంకను విచారింపదగిన విషయమే. ఈ వాదమును ఏ రైలు ప్రదర్శనశాలలోనైన పిల్లల ముందు పెట్టినారా? రైలు రావలసియే వచ్చినదని, సూర్యోదయమువలె అనివార్యమని చెప్పుచున్నారు. అట్లు విన్న పిల్లవాడు, రేపు ఏ పథకమైనను అనివార్యమనియే తలచును. ఇంకొక దారియు ఉండెనని, తెలిసినవారు దానికై పోరాడిరని విన్నవాడు తన కాలపు పథకములను కూడ తూచి చూచుట నేర్చును.

ఇప్పుడు అసలు కష్టమైన ఘట్టమునకు వచ్చుచున్నాను. రైలుపెట్టెలలో శౌచాలయములు మొదట క్రింది తరగతులవారికి లేవు. 1909లో ఒక బంగాళీ ప్రయాణికుడు, దారిలో కాలకృత్యమునకు దిగగా బండి తన్ను విడిచి కదలిపోయి అవమానపడితినని, వచ్చీరాని ఇంగ్లీషులో అధికారులకు వ్రాసిన లేఖవలన ఆ యేర్పాటు వచ్చినదని ప్రసిద్ధి. ఆ లేఖ ఢిల్లీ శాలలో ప్రదర్శింపబడినది. చదివినవారందఱును నవ్వుకొందురు. నవ్వదగినదే. కాని కథను అంతటితో ముగించుట అన్యాయము.

ప్రయాణికుని కష్టము తీర్చుటకు ఇంజనీరు ఏమి చేసినాడు? పెట్టె అడుగున ఒక గొట్టము పెట్టినాడు. గొట్టము రెండవ కొన పట్టాలమీదికి తెఱచియున్నది. కాగితముపై ఆ చిత్రము సంపూర్ణముగా నున్నది: ప్రయాణికుడు సుఖముగా నున్నాడు, పెట్టె శుభ్రముగా నున్నది, వ్యయము స్వల్పము. కాగితముపై గొట్టము ఎచ్చట ముగిసినదో అచ్చటనే ఇంకొక మనిషి బ్రతుకు మొదలైనది. స్టేషనులలో పట్టాల నడుమ చీపురును బకెట్టును పట్టుకొని దిగిన ఆ మనిషి ఏ కులమువాడో నేను చెప్పనక్కఱలేదు. చదువరులకు తెలియును. నూఱేండ్లకు పైగా ఆ గొట్టము అట్లే యుండినది. ఈ లోపల ఆవిరి పోయి డీజిలు వచ్చినది, డీజిలు పోయి విద్యుత్తు వచ్చినది, వేగము పెరిగినది, సంకేతములు మాఱినవి, గొట్టము మాఱలేదు. మాఱకపోవుటకు కారణము విద్య చాలకపోవుట కాదు. క్రిందనున్నవాడు లెక్కలోనివాడు కాకపోవుటయే.

చేతులతో మలమెత్తించుటను నిషేధించు చట్టము 2013లో క్రొత్తరూపున వచ్చినది. 2014 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానము తన తీర్పులో రైలుమార్గముల ప్రస్తావన చేసి, గడువు పెట్టుకొని ఈ పనిని మాన్పవలెనని రైల్వేవారికి చెప్పినది. రక్షణ పరిశోధనసంస్థవారితో కలసి రైల్వేవారు రూపొందించిన జైవిక శౌచాలయములు, అనగా పెట్టె క్రింది తొట్టిలో సూక్ష్మజీవులచే మలమును నీరుగాను వాయువుగాను మార్చు ఏర్పాటు, 2020 నాటికి దాదాపు అన్ని ప్రయాణికుల పెట్టెలకును అమర్చబడినవి. ఇది ఆవిరి ఇంజనుకంటె తక్కువ ఘనకార్యమని నేననుకొనను. నా చేతిలో నున్నయెడల, శాల నడిబొడ్డున, నిగనిగలాడు ఇంజను ప్రక్కనే, ఆ పాత గొట్టమును ఒకదానిని నిలువబెట్టుదును. దాని ప్రక్కన క్రొత్త తొట్టిని పెట్టుదును. రెండింటి నడుమ సంవత్సరములు మాత్రము వ్రాయుదును. ఇంజనీరు కాదలచిన పిల్లవాడు, తాను గీయు ప్రతి గీతయు ఎవరి నెత్తిపై ముగియునో ఒకసారి తలయెత్తి చూచుకొనుటకు ఇంతకంటె మంచి పాఠము నాకు తోచలేదు.

దీనికి పెద్దలు చెప్పు ఆక్షేపణ నేనెఱుగుదును. “పిల్లలు వచ్చునది ఆనందమునకు. వారికి మలము, మరణము చూపి భయపెట్టుదువా? ఆశ్చర్యము కలిగినగదా ఆసక్తి కలుగును?” ఇందు సత్యము లేకపోలేదు. ఏడేండ్ల బాలుడు తనకంటె పొడవైన చక్రము ప్రక్కన నిలిచి నోరు తెఱచుట పవిత్రమైన క్షణము. దానిని నేను చెఱుపను. మా కొత్తవలస నుండి బయలుదేరి అనంతగిరి కొండలు ఎక్కిపోవు కిరండూలు మార్గమున, సొరంగము వెంట సొరంగము దాటుచు, సముద్రమట్టమునకు తొమ్మిదివందల మీటర్లకు పైగా ఎత్తుననున్న సిమిలిగుడ చేరినప్పుడు నాకే రోమాంచము కలుగుచుండును. బైలడీలా ఇనుపరాతిని జపానునకు పంపుటకై 1960 దశకమున వేసిన దారి యది. ఆశ్చర్యము ద్వారము. ద్వారములోనే కూర్చుండబెట్టి ఇదియే ఇల్లని చెప్పుటను మాత్రమే నేను తప్పనుచున్నాను.

భయపెట్టుట గూర్చి కూడ ఒక మాట. 1879 డిసెంబరు 28వ తేదీ రాత్రి స్కాట్లండులో టే నదిమీది వంతెన గాలివానకు కూలి, మీదనున్న రైలు నీట మునిగి, అందున్నవారందఱును చనిపోయినారు. వంతెన తెఱచి రెండేండ్లు కాలేదు. గాలి త్రోపునకు తగిన లెక్క కట్టలేదని, పోతపోసిన ఇనుములో లోపములున్నవని విచారణలో తేలినది. తరువాత ఫోర్తు నదిమీద 1890లో ముగిసిన వంతెన అంత బలిష్ఠముగా ఉండుటకు కారణము ఆ కూలిన వంతెనయే. ఇంజనీరింగు విద్యలో ఓటమి ఒక అధ్యాయము కాదు, దాదాపు వ్యాకరణము. మా సమీపముననే, 2023 అక్టోబరు 29న కంటకాపల్లి, అలమండ స్టేషనుల నడుమ ఒక పాసింజరు బండిని వెనుకనుండి ఇంకొక పాసింజరు ఢీకొని పదిమందికి పైగా మరణించినారు. ఆ కుటుంబములలోని పిల్లలు మా ప్రాంతపు బడులలోనే చదువుచుండవచ్చును. సంకేతము ఎట్లు పనిచేయును, ఎఱ్ఱదీపము దాటిన బండిని యంత్రమే ఎట్లు ఆపగలదు, ‘కవచ్’ అను ఏర్పాటు దేనికి అను ప్రశ్నలు వారికి కుతూహలము కాదు. వారి దుఃఖమునకు గౌరవము చూపుచు జవాబు చెప్పు స్థలము ఒకటి ఉండవలదా? ఆ స్థలము ప్రదర్శనశాల కాకున్న మఱేది?

పెద్ద ప్రమాదములే కానక్కఱలేదు. 2025 మార్చిలో మా పట్టణమున విజయరామరాజుపేట రైలువంతెన క్రింద ఒక భారీవాహనము రక్షణ దూలమును గ్రుద్దగా పైనున్న పట్టా ప్రక్కకు జరిగి, బండ్లు గంటల తరబడి నిలిచిపోయినవి. క్రింద రోడ్డు, పైన రైలు, నడుమ ఎత్తు చాలదు. ఇది మా తొమ్మిదవ తరగతి పిల్లలు రోజును సైకిలుపై దాటు స్థలము. ఎత్తైన వాహనమును వంతెనకు దూరముననే ఆపుటెట్లు? దూలము చోట వ్రేలాడు గొలుసులు చాలునా? వెలుగురేఖ అడ్డుపడినప్పుడు గంట మ్రోగునట్లు చేయవచ్చునా? వారికి ఈ ప్రశ్న వేసిన దినమున తరగతి ముగిసిన గంట ఎవరికిని వినబడలేదు. గంటకు మూడువందల కిలోమీటర్ల బండి చిత్రము చూపి పొందలేని ప్రేరణ, ఇంటి ప్రక్క వంతెన ఇచ్చుచున్నది.

భాష గూర్చి వేఱుగ వ్రాయవలసినంత ఉన్నది; ఇచ్చట ఒక్కటే. మన శాలలలో తెలుగు బల్ల ఉన్నచోట అది ఇంగ్లీషు బల్లకు ముక్కస్య ముక్కానువాదము. చదివిన తెలుగువానికే అర్థము కాదు. పట్టాల పనివారు ఆ పనిలోనే పుట్టించుకొన్న మాటలున్నవి, తెలుగు చేసికొన్న ఇంగ్లీషు మాటలున్నవి. ఫిష్‌ప్లేటు, కీమను, కంకర, కట్ట అను మాటలు ఎవరికి తెలియవు? ఎండకు పట్టా సాగును గనుక అతుకువద్ద సందు విడువవలెనని గ్యాంగుమను ఏ పుస్తకము చదువకయే చెప్పును. పదమూడు మీటర్ల పట్టా ముప్పది డిగ్రీల వేడికి సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు సాగునని మేము లెక్క కట్టి చెప్పుదుము. ఈ ఇద్దఱి మాటయు ఒకే బల్లపై ఉండిన, చదువునకును పనికిని నడుమ మనము కట్టిన గోడ కొంత కూలును. ఆ గోడ కూలుట ఆడపిల్లలకును గ్యాంగుమనుల పిల్లలకును ఎక్కువ అవసరము. ఇంజనీరింగు తమది కాదని వారికి చెప్పుచున్నవి పుస్తకములు కావు, ఇట్టి బల్లలే.

కావున క్రొత్త శాలకు మొదట కావలసినది భవనశిల్పి కాదని నా మతము, చెప్పువారు కావలెను. మన దేశమున పెద్దపట్టాలమీద ఆవిరిబండ్ల రోజువారీ నడక 1995తో ముగిసినది. బొగ్గు వేసినవారు, బాయిలరు కడిగినవారు, చెవితో విని పిష్టను జబ్బు చెప్పగలిగినవారు వాల్తేరు, దువ్వాడ, తుని, రాజమహేంద్రవరము ప్రాంతములలో ఇంకను కొందఱు జీవించియున్నారు. ఫించను తీసికొనుచు, మనుమలను బడికి దింపి, సాయంకాలము స్టేషను బల్లపై కూర్చుండి పోయిన బండ్లను లెక్కపెట్టుచున్నారు. వారిని పిలిచి, సన్మానపు శాలువ కాక నెలజీతమిచ్చి, పిల్లల యెదుట నిలువబెట్టవలెను. భవనమును పదేండ్ల తరువాత కట్టినను నష్టము లేదు. ఈ మనుష్యులలో చాలమందికి ఎనుబదేండ్లు దాటినవి.